అటక మీది సైలెన్సర్

అది 1958 ఎండాకాలం. నార్కట్‌పల్లి అడ్డరోడ్డు పక్కన నేను రిపేరు షెడ్డు పెట్టి అప్పటికి నాలుగేళ్లు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే లారీలు, నల్లగొండకు మళ్లే బస్సులు అన్నీ ఆ అడ్డరోడ్డు మీద ఒకసారి ఊపిరి పీల్చుకోవాల్సిందే. రేడియేటర్‌లో నీళ్లు పోసుకునేవాళ్లు, పంచర్ వేయించుకునేవాళ్లు, చాయ్ తాగేవాళ్లు. నాలుగు గుంజలు, పైన రేకులు, ఆ రేకుల కింద సామాను దాచుకోవడానికి వెదురు అటక. నా షెడ్డంటే అంతే. అంతకుముందు పదేళ్లు హైదరాబాదులో బస్సుల వర్క్‌షాపులో చేశాను కాబట్టి అందరూ నన్ను మిస్త్రీ అనేవాళ్లు. సత్తయ్య అన్న పేరు మా ఇంట్లోవాళ్లకే గుర్తుండేది.

ముందే చెప్తున్నాను, నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. అది పుట్టుకతో వచ్చింది కాదు, పనితో వచ్చింది. పాత బండి అమ్మేవాడు గేర్‌బాక్సులో రంపపు పొట్టు పోసి చప్పుడు నొక్కేస్తాడు. అరిగిపోయిన ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే రెండు రోజులు పెళ్లికొడుకులా నడుస్తుంది, మూడో రోజు మొదలవుతుంది ఏడుపు. మైళ్లు చూపించే మీటర్‌ను వెనక్కి తిప్పడం చిన్నపిల్లల ఆట. ఇవన్నీ చూసి చూసి, ఎవరైనా "బండి మంచిది" అంటే "ఎందుకంటున్నాడు" అని ఆలోచించడం అలవాటైపోయింది. కానీ ఒక్క మాట. ఇంజన్ సంగతి అడిగినవాడికి నేను మాత్రం అబద్ధం చెప్పలేదు. ఆ ఏడాది వరకు చెప్పలేదు.

రామన్నపేట దిక్కున ఒక ఊరికి దొర ఉండేవాడు. ఊరి పేరు, ఆయన పేరు ఇప్పుడెందుకు. ఆయనకు మిలిటరీవాళ్లు వదిలేసిన పాత జీపు ఒకటుండేది. దాని రిపేర్లన్నీ నావే. ఒకరోజు పొద్దున ఆ జీపు చప్పుడు చేసుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. డ్రైవర్ యాదగిరి దిగి పక్కకు నిలబడ్డాడు. దొర దిగలేదు.

"మిస్త్రీ, గీ జీపుతోని యాష్టకొచ్చింది. హైదరాబాద్‌ల నవాబుల దేవిడీలల్ల అమెరికా బండ్లు అమ్ముతున్నరట. సెడాన్ కొంట. నువ్వు రావాలె, చూసి చెప్పాలె."

సెడాన్ అంటే నాలుగు తలుపులు, గట్టి పైకప్పు, వెనక డిక్కీ ఉన్న పెద్ద కారు. జాగీర్లు పోయాక నవాబుల కార్లు చాలా అమ్మకానికి వచ్చిన రోజులవి. నేను మామూలుగా అడగాల్సినవి అడిగాను. ఎంతమంది కూర్చుంటారు, ఎంత దూరం తిరుగుతారు, దారి ఎట్లాంటిది అని.

"గవన్ని నువ్వు చూస్కో. నాకు ఒక్కటే కావాలె. సప్పుడు చెయ్యొద్దు" అన్నాడు దొర. తర్వాత యాదగిరి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "గీడు ఊరి మలుపు కాడ ఊకనే హారన్ కొడుతడు. గొర్లడ్డమొచ్చినయంటడు. నాకైతే ఒక్క గొర్రె కండ్లబడలే."

యాదగిరి బానెట్ మీద దుమ్ము తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక మనిషి షెడ్డుకు వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు కిర్రు చెప్పులు. గొర్లకాపరి. కారు షెడ్డులో గొర్లకాపరికి ఏం పని? నా చేతిలో స్పానర్ ఆగిపోయింది.

"మిస్త్రీ సాబ్, నా పేరు బీరయ్య. దొరకు మోటరు నువ్వే సూస్తున్నవట గద. జర సప్పుడు ఎక్కువ చేసేది సూడు."

నాకు వెంటనే వెలిగింది. అంటే, వెలిగిందనుకున్నాను. హైదరాబాదులో ఏదో బ్రోకర్ దగ్గర గోల చేసే పాడుబండి ఒకటుంది, దాన్ని అంటగట్టడానికి మనుషుల్ని పంపుతున్నాడు. దొర సంగతి బ్రోకర్‌కు ఎట్లా తెలిసింది? యాదగిరి చెప్పి ఉంటాడు. వాడికీ అందులో వాటా ఉంటుంది. లెక్క సరిపోయింది.

"నిన్నెవరు పంపిన్రు?" అన్నాను.

"ఎవరు పంపలే. నేనే వచ్చిన. నడుసుకుంట వచ్చిన."

"దొర కారుతోని నీకేం పని?"

బీరయ్య గొంగడి కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. తొందర లేకుండా చెప్పాడు. వాళ్ల నాయన మల్లయ్యకు డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టేశాయి. ఇల్లు ఊళ్లోకి పోయే బాట పక్కనే. పగలంతా వాకిట్లో మంచం మీదే ఉంటాడు. ఆ ఊళ్లో దొర పోతుంటే ఎవరూ కూర్చుని ఉండకూడదు. చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాల తీసి, లేచి నిలబడాలి. ముసలాయన లేవాలంటే కర్ర పట్టుకుని, గుంజ పట్టుకుని, కొంతసేపు పడుతుంది. జీపు చప్పుడు ఊరి మలుపు దగ్గరే వినబడుతుంది. మలుపు నుంచి ఇంటిదాకా బాటంతా రాళ్లు, బండి మెల్లగా రావాల్సిందే. ఆ లోపల ఆయన లేచి నిలబడేవాడు.

"పోయిన నెల జీపు చెడిపోయి నీ కాడ్నే ఉన్నదిగా వారం రోజులు. దొర ఆయన అల్లుని కారుల వచ్చిండు. అది పిల్లి లెక్క వచ్చింది. మా నాయిన మంచం మీద్నే ఉన్నడు. ఆయనకు వినబడలే, ఇంట్లున్న నాకు గూడ వినబడలే."

"తర్వాత?"

"దొర ఉండే గడి ముంగట నిలబెట్టిన్రు. పొద్దుగూకేదాంక. భుజాల మీద రాయి వెట్టి." అతను తన మోకాలు తడుముకున్నాడు, నొప్పి తనదే అన్నట్టు. "నేను రాయి మోస్తనన్న. ఒప్పుకోలే. కూసున్నోడే మొయ్యాలన్నరు. ఇగ మల్లోసారి అట్లయితే మా నాయిన బతకడు సాబ్."

కథ బాగుంది. మరీ బాగుంది. బ్రోకర్లు నేర్పించే కథలు అట్లాగే ఉంటాయి, కన్నీళ్లు తెప్పించేట్టు. ఒకసారి ఒకడు చచ్చిపోయిన తల్లి పేరు చెప్పి నాకు పగిలిన ఇంజన్ బ్లాకు అంటగట్టాడు. ఆ తల్లి తర్వాతి వారం సంతలో కనబడింది.

"నేను ఇంజన్ చూసి చెప్తా. ఎవరికోసమో చెప్పను. పో" అన్నాను.

బీరయ్య గొడవ పడలేదు. గొంగడి దులుపుకుని భుజాన వేసుకుని వచ్చిన దారిన నడుచుకుంటూ పోయాడు. ఎండ మాడిపోతోంది. మంచినీళ్లు తాగమని కూడా అనలేదు నేను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత దొర, యాదగిరి, నేను హైదరాబాదు పోయాం. ఒక నవాబు పాత మేడ, దేవిడీ అది. గచ్చు ఊడిపోయిన కమాను, లోపల పెద్ద ఆవరణ, రెండు కార్లు నీడలో పక్కపక్కన. బ్రోకర్ తెల్లటి షేర్వానీలో పాన్ నములుతూ ఎదురొచ్చాడు. వచ్చింది మొదలు నేను వాడినీ యాదగిరినీ ఒక కంట కనిపెడుతూనే ఉన్నాను. ఇద్దరికీ పరిచయం ఉన్నట్టు ఎక్కడా కనబడలేదు. బ్రోకర్ యాదగిరికి కనీసం సలాం కూడా చెప్పలేదు.

ఒక కారు నల్లది. ఎనిమిది సిలిండర్ల ఇంజన్. సిలిండర్లంటే ఇంజన్‌లో పెట్రోలు మండే గదులు. అవి ఎన్ని ఎక్కువుంటే బండి అంత నునుపుగా, అంత బలంగా నడుస్తుంది, అంతే ఆత్రంగా పెట్రోలు తాగుతుంది. కింద రెండు సైలెన్సర్లు. ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టానికి తగిలించే డబ్బా సైలెన్సర్. లోపల చిల్లుల రేకులు అడ్డం ఉంటాయి, చప్పుడు వాటికి కొట్టుకుని చచ్చిపోతుంది. రెండోది లేత ఆకుపచ్చది. ఆరు సిలిండర్లు, ఒకటే సైలెన్సర్. రెండింటికీ రేడియో ఉంది. వెనక కిటికీలకు పరదాలు ఉన్నాయి, నవాబుల ఇళ్లలో ఆడవాళ్లు ఎక్కిన బండ్లు కదా. నల్లదాంట్లో వేడిగాలి కొట్టే హీటర్ కూడా ఉంది. నల్లగొండ ఎండల్లో హీటర్ ఎందుకో గానీ, బ్రోకర్ మాత్రం గొప్పగానే చెప్పాడు.

నేను ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్ది చూశాను, వాసన చూశాను. గేర్‌బాక్సు కింది బిరడా విప్పి పొట్టు ఉందేమో వెతికాను. లేదు. రెండు బండ్లూ మంచివే. నాకు కాస్త నిరాశ కూడా కలిగింది, మోసం పట్టుకోవడానికి అంత దూరం వస్తే ఏమీ దొరకనందుకు.

దొర బండి లోపలికి చూడనే లేదు. కమాను అవతల వీధిలోకి పోయి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు.

"యాదగిరీ, ఒక్కొక్కటి మెల్లగ నా ఎనకకు తీస్కరా. వినబడ్డప్పుడు చెయ్యెత్తుత."

ఆకుపచ్చ బండి ఇరవై అడుగుల దూరంలో ఉండగా చెయ్యెత్తాడు. నల్లది పక్కకు వచ్చి ఆగి, తలుపు తీసినప్పుడు గానీ ఎత్తలేదు. కళ్లు తెరిచి నవ్వాడు. దొర నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"గిదీ బండంటే. మిస్త్రీ, నీకొక సంగతి చెప్త విను. మా ఊర్లె నన్ను చూసి ఎవ్వడు లేస్తలేడు. జీపు సప్పుడు ఇని లేస్తున్నరు. నేను లేనప్పుడు ఎట్లుంటరో నాకెట్ల తెలువాలె? మొన్న అల్లుని కారుల పోయిన్నాడు తెలిసింది. గొర్లోని అయ్య కాళ్లు సాపుకొని మంచం మీద దర్జాగ పండుకున్నడు. రాయి మోపిచ్చిన."

మోకాళ్ల మాట ఎత్తలేదు. మిగిలినదంతా బీరయ్య చెప్పినట్టే ఉంది, రాయితో సహా. యాదగిరి వైపు చూశాను. అతను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఊరి మలుపు దగ్గర గొర్లు ఉండేవి కావు, మలుపు అవతల వాకిట్లో ముసలాయన ఉండేవాడు, ఆయన కోసం కొట్టేవాడు హారన్. నేను దొంగలనుకున్న ఇద్దరూ దొంగలు కారు. బండి చూసి పెట్టమని నాకు డబ్బులిచ్చే మనిషినే నేను అనుమానించలేదు.

"చెప్పు మిస్త్రీ, ఏది తీస్కుందాం?"

ఆరు సిలిండర్లది అన్నాను. అప్పుడు చెప్పిన కారణాలన్నీ నిజాలే. నల్లది వేడెక్కే బండి, మన రాళ్లబాటలో మెల్లగా పోతే ఇంకా వేడెక్కుతుంది. దాని పొట్ట నేలకు మరీ దగ్గర. పెట్రోలు నార్కట్‌పల్లిలోనో నల్లగొండలోనో పోయించుకోవాలి. అన్నీ నిజాలే అయినా, చెప్తున్నది ఇంజన్ కోసమా, మంచం మీది ముసలాయన కోసమా అని నన్ను నేనే అనుమానించుకున్నాను. బయటివాళ్లను అనుమానించినంత తేలిక కాదు అది.

దొర నా మొహంలోకి చూశాడు. "బ్రోకర్ నీకేమన్న ముట్టజెప్పిండా?"

"లేదు దొరా. నల్లది కొంటే ఏదో ఒకరోజు నడి ఊర్లె రేడియేటర్ మసిలి ఆగిపోతది. మీరు లోపల కూసోవాలె, ఊరంత చుట్టు నిలబడి చూడాలె. తర్వాత మీ ఇష్టం."

ఆ మాట తగిలింది. దొర చాలాసేపు నల్లబండి చుట్టూ తిరిగాడు. చివరికి ఆకుపచ్చదే కొన్నాడు. కానీ ఆకుపచ్చది కూడా ఇరవై అడుగుల దాకా వినబడని బండి. ముసలాయన లేవడానికి ఇరవై అడుగులు చాలవు.

తిరిగి వచ్చాక, ఊరికి తీసుకుపోయే ముందు ఆయిల్ మార్చి అన్నీ బిగించి ఇస్తానని బండిని షెడ్డులో రెండు రోజులు ఉంచుకున్నాను. మొదటి రోజంతా దాని కిందికి దూరి పడుకున్నాను తప్ప పని చేయలేదు. సైలెన్సర్ కొత్తదానిలా ఉంది. రెండో రోజు దాన్ని విప్పాను. దాని చోట ఒక పాత సైలెన్సర్, లోపలి రేకులు తీసేసి ఖాళీ డబ్బాలా చేసింది, వెల్డింగ్ పెట్టి బిగించాను. స్టార్ట్ చేస్తే రోడ్డవతల చాయ్ హోటల్లోవాళ్లు తలలు తిప్పి చూశారు. అసలు సైలెన్సర్‌కు గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, అటక మీద దాచాను.

దొర వచ్చి విన్నాడు. మొహం చిట్లించాడు. "గిదేంది? ఆడ గిట్ల లేకుండె."

"పాత సైలెన్సర్ లోపల తుప్పు వట్టింది దొరా. నడుమ బాటల పగిలేది. ఇప్పటికి ఇది పెట్టిన. కొత్తదానికోసం బొంబాయికి రాస్త. విలాయతి సామాను ఇప్పుడు తొందరగ దొరుకుతలేదు."

నా జీవితంలో ఇంజన్ విషయంలో చెప్పిన మొదటి అబద్ధం అది. దొరకు అనుమానం వచ్చింది. బ్రోకర్ మోసం చేశాడా, నేను డబ్బు గుంజాలని చూస్తున్నానా అని తిప్పితిప్పి అడిగాడు. ఆయన అనుమానాలన్నీ డబ్బు చుట్టూనే తిరిగాయి. ఒక మిస్త్రీకి గొర్లకాపరి తండ్రి మోకాళ్లతో సంబంధం ఉంటుందని ఆయనకు తోచలేదు. యాదగిరి మాత్రం బండి ఎక్కే ముందు నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు.

ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి "బొంబాయి నుంచి వచ్చిందా?" అని కబురు. "రాలే దొరా" అని జవాబు. నేను రాయనే లేదు కదా, ఎట్లా వస్తుంది. లోలోపల గర్వంగా ఉండేది. చాయ్ హోటల్లో ఎవరైనా దొరల సంగతి ఎత్తితే మీసం కింద నవ్వుకునేవాణ్ణి.

ఆ గర్వం మరుసటి ఏడాది దిగిపోయింది. బండి కార్బురేటర్ పాడైతే దొర నన్ను తన ఊరికి రప్పించాడు. కార్బురేటర్ అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించేది. బండి ఎట్లాగో నడుస్తోందని, యాదగిరి దాంట్లోనే వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. దొర బండిలో లేడు, గడిలో ఉన్నాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

ఊరి మలుపు తిరిగాం. బండి బడబడమని అరుస్తోంది. బాట పక్కన ఒక వాకిట్లో కదలిక కనబడింది. ఒక ముసలాయన మంచం పట్టె పట్టుకుని లేవబోతున్నాడు. ఒక మనిషి ఉరికివచ్చి చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడు. బీరయ్య. ముసలాయన కర్ర అందుకున్నాడు, ఒరిగాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు. మేం దగ్గరికి వచ్చేసరికి ఎండలో, తువ్వాల చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లు గడగడ వణుకుతున్నాయి. ఆయన నిలబడింది నా కోసం.

"ఆపు" అన్నాను. దిగి ఉరికాను. "కూసో తాతా, కూసో. దొర లేడు బండ్ల. నేను మిస్త్రీని."

"నాకు లోపలెవరున్నరో కండ్లకానరాదు బిడ్డా" అన్నాడు మల్లయ్య. "సప్పుడు గదే గద."

బీరయ్య ఆయన్ని మెల్లగా మంచం మీదికి దించాడు. నన్ను గుర్తుపట్టి మొహం విప్పారింది. నీళ్లచెంబు తెచ్చిచ్చాడు. "నీ పుణ్యం అన్నా. అప్పటిసంది ఒక్క మాట వడలే మా నాయిన."

చెంబు కింద పెట్టేశాను. నేను చేసిన ఘనకార్యం ఇదా? ఒక ముసలి మనిషికి లేవడానికి తగినంత వ్యవధి ఇచ్చాను, అంతే. దొర కోరినదానికి నేను అడ్డం పడ్డాననుకున్నాను. నిజానికి దొర పని సులువు చేశాను. ఆయన బండిలో లేకపోయినా జనం లేచేట్టు చేశాను. కార్బురేటర్ బాగుచేసి, బండి వద్దని అడ్డరోడ్డు దాకా నడిచే వచ్చాను. అటక మీది గోనెసంచి వైపు చాలా రోజులు చూడలేకపోయాను. అసలుది బిగించేద్దామని ఒకటి రెండుసార్లు కిందికి దించాను కూడా. బిగిస్తే మళ్లీ రాయి. బిగించకపోతే ఈ నిలబడడం. ఎటూ తేలక మళ్లీ పైన పెట్టేశాను.

కాలం నడిచింది. ఊళ్లకు పంచాయతీలు వచ్చాయి. దొర భూములు కొన్ని అమ్ముకున్నాడు, గడి ముందు మనుషులు పలచబడ్డారు. 1964లో, వానలు మొదలైన రోజుల్లో, బీరయ్య షెడ్డుకు వచ్చాడు. ఈసారి ముందు మంచినీళ్లు ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, కాసేపు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మా నాయిన లేవలేదన్నా."

ముసలాయన పోయాడనుకున్నాను. "ఏమైంది? పాణం బాగలేదా?"

"పాణం గట్టిగనే ఉన్నది. మొన్న మలుపు కాడ సప్పుడైంది. నేను ఉరికొచ్చి చంకల చేతులు వెట్టిన. చేతులు నూకేసిండు. నాయినా, మోటరొస్తున్నదన్న. ఇనబడ్డది రా అన్నడు. ఇనబడ్డది, నేను లేవ అన్నడు."

దొర బండి వాకిలి ముందు ఆగిందట. వెనక కిటికీ పరదా జరిగింది. దొర అడిగాడు.

"ఏం మల్లయ్యా, సప్పుడు ఇనబడలేదా?"

"ఇనబడ్డది దొరా. మలుపు కాడనే ఇనబడ్డది."

ఇంకేమీ అనలేదట ముసలాయన. తువ్వాల భుజం మీదే ఉంది. చుట్టుపక్కల వాకిళ్లలో లేచి నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు. దొర పరదా వేసేసి, పోనియ్యమన్నాడు. అంతే. రాయి లేదు, గడికి పిలుపు లేదు. మర్నాడు బండి పోతుంటే ఇంకో రెండు వాకిళ్లలో ఎవరూ లేవలేదు. ఆ తర్వాతి రోజు బీరయ్య లెక్కపెట్టడం మానేశాడు.

అతను పోయాక ఒంటరిగా కూర్చుని ఆలోచించాను. బండి నిశ్శబ్దంగా వచ్చి ఉంటే ఆ ముసలాయన వినబడక కూర్చున్నవాడే అయ్యేవాడు. పాపం, చెవులు మందం అనేవాళ్లు. మలుపు దగ్గర నుంచి ఊరంతా వినేట్టు బండి అరిచింది కాబట్టే, ఆయన కూర్చోవడం కావాలని కూర్చోవడమని అందరికీ తెలిసింది. నేను ఇచ్చిన ఆ కాస్త వ్యవధి లేవడానికనే ఇచ్చాను. ఇన్నేళ్లూ ఆయన అందుకే వాడుకున్నాడు. ఆ రోజు మాత్రం ఆలోచించుకోవడానికి వాడుకున్నాడు. అది నేను చేసింది కాదు, ఆయన చేసింది.

పది రోజులకు ఆకుపచ్చ సెడాన్ షెడ్డు ముందు ఆగింది. ఈసారి దొర దిగాడు. మనిషి కొంచెం వంగాడు. బొంబాయి మాట ఎత్తలేదు.

"మిస్త్రీ, గీ సప్పుడు పోవాలె. ఏదన్న ఉపాయం ఉన్నదా?"

ఆరేళ్ల కింద కూడా ఇదే అడిగాడు. అప్పుడు కూర్చున్నవాళ్లను పట్టుకోవడానికి అడిగాడు. ఇప్పుడు చప్పుడు లేకపోతే, వినబడక లేవలేదులే అని అనుకోవచ్చు కాబట్టి అడుగుతున్నాడు. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

"ఉన్నది దొరా" అన్నాను.

నిచ్చెన వేసి అటక ఎక్కాను. గోనెసంచి దించి, ఆయన ముందే విప్పాను. గ్రీజు గట్టిపడింది. గుడ్డతో తుడిస్తే కింద ఇనుము మెరిసింది, తుప్పు చుక్క లేదు. గంటలో బిగించాను. యాదగిరి స్టార్ట్ చేస్తే ఇంజన్ నడుస్తోందా లేదా అని దొరే వంగి చూసుకున్నాడు.

దొర ఖాళీ గోనెసంచి వైపు చూశాడు. "బొంబాయి నుంచి ఎప్పుడొచ్చింది?"

"బొంబాయి నుంచి రాలే దొరా. మీ బండిదే. కొన్ననాటి సంది పైననే ఉన్నది. నేనే విప్పి పెట్టిన."

నేను స్పానర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని నిలబడ్డాను. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని, రాయి సంగతి కూడా ఎత్తుదామని సిద్ధమయ్యాను. దొర చాలాసేపు నన్నే చూశాడు. ఆరేళ్ల కింద ఈ చప్పుడు గురించి తిప్పితిప్పి అడిగినాయన, ఎందుకు అన్న ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఎంతోమందికి బండ్లు చూసి పెట్టాను. ఏ ఇంజన్ తీసుకోవాలి, ఏవి ఉండాలి, ఏవి వద్దు అని అడిగితే నేను మామూలు ప్రశ్నలే వేసేవాణ్ణి. ఎంతమంది, ఎంత దూరం, దారి ఎట్లాంటిది. వాటికి ఒకటి కలిపాను. ఆ దారి పక్కన ఎవరుంటారు అని. చాలామందికి ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు, వింతగా చూసేవాళ్లు. ఫర్వాలేదు, చెప్పేదాకా ఆగేవాణ్ణి. ఇంజన్ సంగతిలో మళ్లీ అబద్ధం చెప్పలేదు. మనుషుల్ని అనుమానించడం మానానని మాత్రం అనను. కానీ ఎండన పడి నడిచొచ్చినవాడికి ముందు నీళ్లిచ్చి, తర్వాతే అనుమానించడం నేర్చుకున్నాను.

అసలు సైలెన్సర్ బిగించిన ఆ రోజు సెడాన్ నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దాటి రామన్నపేట దిక్కుకు మళ్లింది. చాయ్ హోటల్ బెంచీల మీద పదిమంది దాకా ఉన్నారు. బండి వాళ్ల పక్క నుంచే పోయింది. ఒక్కరు కూడా తల తిప్పలేదు.